స్పోర్టీ ఎస్‌యూవీ కొనేముందు తోలి చూడాల్సినవి

చి. సురేష్‌కు,

ఆశీస్సులు. స్పోర్టీ ఎస్‌యూవీ తీసుకుంటే మామూలు కారులాగే, అంటే డిక్కీ విడిగా ఉండే సెడాన్‌లాగే, తోలుకోవచ్చా అని అడిగావు. రోజువారీ తిరుగుడికి ఇబ్బంది లేదురా. హైవే మీద ఉన్నట్టుండి గేదె అడ్డం వచ్చి స్టీరింగ్ కొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం కారుదే పైచేయి.

మలుపులో బండి ఒరగడం వేరు, బరువు బయటివైపు చక్రాల మీదకి మారడం వేరు. స్పోర్టీ మోడల్లో గట్టి స్ప్రింగులు, లావు యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాల్ని కలిపే ఇనుప కడ్డీ) పెట్టి ఒరుగు తగ్గిస్తారు. కూర్చున్నవాడికి అచ్చం కారే అనిపిస్తుంది. మారే మొత్తం బరువు మాత్రం అలా తగ్గదు. 1300 కిలోల బండి, చక్రాల మధ్య వెడల్పు 153 సెంటీమీటర్లు అనుకో. గరిమనాభి, అంటే బండి బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటు, 53 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 0.5 జీ మలుపులో (పక్కకి లాగే బలం బండి బరువులో సగం ఉన్నప్పుడు) బయటివైపుకి సుమారు 225 కిలోలు మారుతుంది. 60 సెంటీమీటర్లయితే 255. టైరు మీద బరువు పెరిగినంతగా పట్టు పెరగదు కాబట్టి ఆ తేడా రోడ్డు మీద తెలుస్తుంది, ముఖ్యంగా వానకి తడిసినప్పుడు.

ఒకే ప్లాట్‌ఫాం (అడుగు నిర్మాణం) మీద వచ్చిన ఫోక్స్‌వాగన్ వర్టస్ సెడాన్, టైగున్ ఎస్‌యూవీ పక్కపక్కన పెట్టి చూడు. ఇంజన్లు అవే, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండింటికీ 2651 మి.మీ. టైగున్ ఎత్తు 1612, వర్టస్ 1507. కానీ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) టైగున్‌ది 188, వర్టస్‌ది 179. అంటే పది సెంటీమీటర్ల ఎత్తులో నేలకి అందేది సెంటీమీటరు కూడా లేదు, మిగిలిందంతా పైనే. డిక్కీ వర్టస్‌ది 521 లీటర్లు, టైగున్‌ది 385. పొడవులో మాత్రం టైగున్ 34 సెంటీమీటర్లు తక్కువ. మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాల మధ్య రివర్స్ చేసేటప్పుడు, వన్‌టౌన్ సందుల్లో తిప్పేటప్పుడు అది నిజంగా కలిసొస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కడివే వెళ్లకు, వెనక ఇద్దర్ని కూర్చోబెట్టుకో. కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో ఒకే వేగంతో పో. స్టీరింగ్ మళ్లీ మళ్లీ సర్దాల్సి వస్తోందా గమనించు. తర్వాత గుంటలున్న రోడ్డు మీద ఒక్క ఎడమ చక్రాన్నే గుంటలో దించు. యాంటీ రోల్ బార్ మరీ గట్టిదైతే ఆ కుదుపు కుడివైపుకీ పాకి లోపల తలలు అటూ ఇటూ ఊగుతాయి. ముందున్న నీకంటే వెనకున్నవాళ్లకి అది బాగా తెలుస్తుంది, వాళ్లనే అడుగు. స్పీడ్ బ్రేకర్ మీద కూడా నిండుగా మనుషులతోనే వెళ్లు. ఖాళీ బండికి కింద తగలదు.

పెద్ద అల్లాయ్ వీల్స్ మోజులో పడకు. 205/60 ఆర్16 టైరు పక్కగోడ 123 మి.మీ. ఉంటే 205/55 ఆర్17ది 113 మి.మీ. ఆ సెంటీమీటరు రబ్బరే గుంటలో రిమ్ము వంగకుండా కాపాడేది. గాలి డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌లో ఉన్నంతే, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. తగ్గితే ఎత్తు బండి మలుపులో ఇంకా తేలిపోతుంది.

ఎస్‌యూవీ కదా అని వానాకాలం నీళ్లలోకి దింపకు. ఇంజన్‌ గాలి పీల్చుకునే ఎయిర్ ఇన్‌టేక్‌లోంచి నీళ్లు వెళ్తే లోపల పిస్టన్లని తిప్పే ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. నీళ్లు చక్రం సగానికి వచ్చాయంటే వెనక్కి తిప్పెయ్. మధ్యలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకుండా తోయించు.

ఇక మీ అమ్మ సంగతి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సీటు తొడ మధ్యకి వస్తే ఒంగకుండా, ఎక్కకుండా పక్కకి జరిగి కూర్చోవచ్చు. కారులో కిందికి దిగబడాలి, లేచేటప్పుడు చెయ్యి ఇవ్వాలి. ఆవిడ వారంలో రెండు మూడుసార్లు బండెక్కేట్టయితే నేను ఎస్‌యూవీకే ఓటేస్తా, 16 అంగుళాల చక్రాలున్న మోడల్‌కి. అలా కాక నువ్వొక్కడివే రోజూ మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి రావడమే అయితే సెడాన్ తీసుకో. ఏది తీసుకున్నా అడ్వాన్స్ కట్టేముందు అమ్మని షోరూంకి తీసుకెళ్లి, వెనక సీటులో రెండుసార్లు ఎక్కించి దింపి చూడు.

మీ పెదనాన్న