బెంగళూరులో తిరిగే థార్‌కు ఏ వించ్, ఏ బంపర్?

సకలేశపుర బురదదారుల కోసం మహీంద్రా థార్‌కు స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే యంత్రం) ఎలా ఎంచుకోవాలని అడిగారు. ముందు వించ్ తేల్చుకోండి. సామానుతో కలిపి బండి బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలగాలి: 2,200 కిలోలైతే 3,300, అంటే దాదాపు 7,300 పౌండ్లు. నేనైతే 9,500 పౌండ్లదే తీసుకుంటాను. ఎందుకంటే ఆ అంకె, తాడు చుట్టుకునే డ్రమ్ముపై మొదటి వరసకే. పై వరసల్లో బలం తగ్గిపోతుంది. ఉక్కు తాడుకన్నా సింథటిక్ తాడు తేలిక, తెగినా అంత ప్రమాదం ఉండదు.

బంపర్‌లో వించ్‌ను బిగించే ప్లేటు నేరుగా ఛాసిస్‌కే (బండి అడుగు చట్రానికే) బోల్టు కావాలి. జేసీ రోడ్డు విడిభాగాల దుకాణాల్లో కొనేటప్పుడు పెయింటు సంగతి తర్వాత, ముందు అది చూడండి.

బుల్‌బార్ (బంపర్ ముందు బిగించే లోహపు కడ్డీల చట్రం) మాత్రం వద్దండి. పాదచారులకు ప్రాణాంతకం, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకూ అడ్డు. వాటిపై చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. రోజూ ఆఫీసుకు తీసే బండైతే, ఆర్టీఓలో కనుక్కుని, కంపెనీ బంపర్ వెనకే ఒదిగే వించ్ ప్లేటు వేయించండి.