ఆలస్యం నీదా, మెషీన్‌దా?

చిరంజీవి అమ్మలుకి,

వాయిద్యాల ట్రాక్ మీద పాడి నువ్వు పంపిన మూడు టేకులూ, అంటే మూడు రికార్డింగులూ, విన్నాను. "ప్రతిసారీ వెనకబడుతున్నాను, నాకు లయ లేదు పెదనాన్నా, ఇక పాడను" అని రాశావు. పాడాలో వద్దో తర్వాత తేల్చుకుందువు గాని, ముందు నీ గొంతునీ ట్రాక్‌నీ స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి పెట్టి చూడు. పల్లవిలో మొదటి మాట ఎంత వెనక పడిందో, రెండో చరణంలో ఆఖరి మాట కూడా సరిగ్గా అంతే వెనక పడింది. మనిషి ఇంత నిక్కచ్చిగా తప్పు చెయ్యలేడు. ఒకచోట పరిగెడతాడు, ఒకచోట లాగుతాడు, ఒకచోట అదృష్టం బాగుండి కుదురుతుంది. పాట మొత్తం ఒకే కొలతలో ఆలస్యమైందంటే అనుమానించాల్సింది మెషీన్‌ని.

నువ్వు పంపిన ఫొటోలో చెవులకి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లున్నాయి. దొంగ దొరికాడు! వైరు లేని ఇయర్‌ఫోన్లలో చాలావాటికి ట్రాక్ నీ చెవిని చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. నీ పాట 90 బీపీఎం, నిమిషానికి 90 బీట్లు. అంటే బీట్‌కీ బీట్‌కీ మధ్య 667 మిల్లీసెకన్లు. అందులో పావు వంతు దారిలోనే పోతోంది. నువ్వు విన్నదానికి సరిగ్గానే పాడావు, వినడమే ఆలస్యంగా విన్నావు. వైరున్న హెడ్‌ఫోన్ ఒకటి సంపాదించు. మైక్ సంగతి తర్వాత చూద్దాం.

వైరు పెట్టినా కొంత ఆలస్యం మిగలొచ్చు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, శబ్దాన్ని ఎంతెంత ముక్కలుగా పోగుచేసి పంపాలో చెప్పేది. శాంపుల్ రేటు, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క, 44,100 అయినప్పుడు బఫర్ 1024 ఉంటే ఒక వైపుకే 23 మిల్లీసెకన్లు. 128కి దించితే దాదాపు 3. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ తేడాని తామే లెక్కగట్టి సరిచేస్తాయి కానీ, నేను వాటిని పూర్తిగా నమ్మను. క్లిక్, అదే బీట్ బీట్‌కీ టిక్ టిక్‌మనే చప్పుడు, మోగిస్తూ హెడ్‌ఫోన్‌ని మైక్‌కి ఆనించి రికార్డ్ చేసి చూడు. రికార్డయిన క్లిక్ అసలు క్లిక్ కంటే కుడివైపు ఎంత జరిగి ఉందో కొలుచుకుని, నీ గొంతుని ప్రతిసారీ అంత ఎడమకి జరుపు. సెట్టింగులు మార్చనంతకాలం ఆ అంకె మారదు.

మొదట్లో బాగానే కలిసి, పోనుపోను దూరమయ్యే టేకులు ఇంకో రకం. అక్కడ ట్రాక్ వేగాన్నే అనుమానించాలి. ఫోన్‌లో నిదానం చేసిన ట్రాక్ మీద పాడి, ఆ గొంతుని తీసుకెళ్లి అసలు ట్రాక్ మీద పెడితే ఇలాగే అవుతుంది. నాకు జరిగింది ఇంతకంటే తమాషా. ఒక సాయంత్రమంతా ఒక ట్రాక్ మీద పాడాను. పైస్వరాలు అందవు, చరణంలో ఊపిరి చాలదు. ఇక వయసు మీద పడిందని బెంగపెట్టుకున్నాను. చివరికి చూస్తే 44,100లో చేసిన ట్రాక్‌ని సెట్టింగ్ పొరపాటున 48,000లో ప్లే చేస్తున్నాం. వేగం దాదాపు 9 శాతం పెరిగింది, దాంతోపాటు శ్రుతి కూడా హార్మోనియం మీద ఒకటిన్నర మెట్టు పైకెక్కి కూర్చుంది. నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోతోంది. ఒక్కసారి టైమ్ చూసుకుని ఉంటే ఆ బెంగ ఉండేది కాదు. ఇప్పుడు ట్రాక్ చేతికి రాగానే వినడం కంటే ముందు దాని నిడివి చూస్తాను.

వేగం నీకు కుదరడం లేదంటే మార్చుకో, అందులో నామోషీ ఏమీ లేదు. కాకపోతే మార్చేది పాడకముందే మార్చు. ట్రాక్ లేకుండా, పాటలో అన్నిటికంటే బరువైన లైన్ పాడు. పల్లవి కాదు, మాటలు ఇరుక్కునే లైను. పాడుతూ టేబుల్ మీద తట్టి బీపీఎం ఎంతో చూడు. పదహారు బీట్ల లైను 80 బీపీఎంలో 12 సెకన్లు పడుతుంది, 76లో 12.6. మాటలు ఇరుక్కునేవాళ్లకి ఆ అర సెకను వరం. ఊపిరి చాలనివాళ్లకి అదే అర సెకను శాపం. నీ గొంతు ఏ రకమో నువ్వే చూసుకోవాలి. శ్రుతి కదలకుండా వేగం మార్చే సౌకర్యం ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది కానీ, నా చెవికి 5 శాతం దాటితే డ్రమ్ దెబ్బలు చెదిరినట్టు వినిపిస్తాయి. ఇంకా ఎక్కువ కావాలంటే ట్రాక్ చేసినవాళ్లనే కొత్త వేగంలో చేసిమ్మని అడుగు.

పాతకాలపు ట్రాక్ అయితే క్లిక్ ఆపేసి పాడు. అది మనుషులు కలిసి కూర్చుని వాయించినది, చరణంలో ఒకటి రెండు బీపీఎం పెరుగుతుంది, చివర్లో తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ దాని వేగం కొలవబోయి ఒక్కోసారి 70కి బదులు 140 అని చెబుతుంది. కంగారుపడకు, సగం చేసుకో. అలాంటి పాటకి నీకు తాళం చూపే మెట్రోనోమ్ డ్రమ్మరే.

ఇదంతా సరిచేశాక మిగిలేవి నీ తప్పులు. నీ టేకుల్లో ఆ ఆలస్యాన్ని తీసేసి మళ్లీ విన్నాను, అవీ దొరికాయి.

మొదటిది ఎత్తుగడ, అంటే మాట అందుకోవడం. బీట్ మీద పడాల్సింది అచ్చు, హల్లు కాదు. "అలలు" లాంటి మాట నీకు ఎప్పుడూ సరిగ్గానే పడుతోంది. "స్వరం" అన్నప్పుడల్లా వెనకబడుతున్నావు. ఎందుకంటే నువ్వు "స్" అనడం బీట్ దగ్గర మొదలుపెడుతున్నావు, వినేవాళ్ల చెవికి బీట్‌గా తగిలేది ఆ తర్వాత వచ్చే "అ". స, శ, ష, సంయుక్తాక్షరాలు ఉన్నచోట నోరు కాస్త ముందే కదలాలి. సాహిత్యం కాగితం మీద అలాంటి మాటల కింద గీత గీసుకో. నేను ఇప్పటికీ గీసుకుంటాను.

రెండోది ఊపిరి. చాలామంది పాడాల్సిన క్షణం వచ్చాక గాలి తీసుకుంటారు, ఆ తర్వాత బీట్ వెనక పరిగెడతారు. గాలి కూడా తాళంలోనే తియ్యాలి. నాలుగు బీట్ల తాళమైతే నాలుగో బీట్ మీద తీసి ఒకటో బీట్ మీద ఎత్తుకో. వేగం పాటైతే మూడో బీట్ మీదే తీసేయ్. నీ రెండో టేకులో గాలి తీసిన చప్పుడు ప్రతిసారీ ఒక్కోచోట ఉంది. అది కుదురుకుంటే సగం ఎత్తుగడలు వాటంతట అవే కుదురుతాయి.

మూడోది ఇంటర్‌లూడ్, అంటే మధ్యలో వాయిద్యాలు మాత్రమే మోగే భాగం, అయ్యాక వచ్చే చరణం. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ టెన్షన్‌గా నిలబడితే తప్పకుండా తొందరపడతావు. ఆ ఇంటర్‌లూడ్‌లో చివరి వేణువు బిట్ నోటికి వచ్చేదాకా కూనిరాగం తియ్యి, అది నిన్ను చెయ్యిపట్టుకుని చరణంలోకి తీసుకొస్తుంది. మళ్లీ రికార్డ్ చేసేటప్పుడు కూడా చరణం అంచున మొదలుపెట్టకు. కనీసం ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళం చుట్లు, ముందు నుంచి ట్రాక్ వినిపించుకో.

హెడ్‌ఫోన్‌లో నీ గొంతు తగ్గించి డ్రమ్, బేస్ పెంచు. మన గొంతు మనకే ముద్దుగా వినిపిస్తుంటే స్వరాన్ని సాగదీస్తూ ఉండిపోతాం. రివర్బ్, అదే గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని, ఎక్కువున్నా అంతే, మాట ఎక్కడ మొదలైందో మనకే తెలియదు. చివర్లో వాయిద్యాలు తగ్గిపోయే చోట క్లిక్ మ్యూట్ చెయ్యి, లేకపోతే అది హెడ్‌ఫోన్ నుంచి కారి మైక్‌లో పడుతుంది.

ఒక్కమాట మాత్రం పొరపాటుగా అర్థం చేసుకోకు. ప్రతి అక్షరాన్నీ స్క్రీన్ మీది బీట్ గీతకి అంటించమని నేను అనడం లేదు. రెండో టేకు అనుపల్లవిలో లైను మొదట్లో కాస్త వెనకుండి, చివరి మాటకి వచ్చి బీట్‌ని కలుసుకున్నావు. చాలా బాగుంది. దాన్ని స్క్రీన్ మీద చూసి "తప్పు" అని జరిపెయ్యకు.

ఈసారి వైరు హెడ్‌ఫోన్‌తో రెండు టేకులు చాలు. గొంతు ఒక ఫైలు, ట్రాక్ ఒక ఫైలు, రెండూ సున్నా దగ్గరే మొదలయ్యేలా, ఎంపీ3 కాకుండా వేవ్‌లో పంపు. ఎంపీ3లో మొదట్లో కాస్త ఖాళీ చేరుతుంది, మళ్లీ అదో తంటా. ఫైలు పేరులో బీపీఎం రాయి. ఎక్కడా ఏదీ సర్దకు, తప్పిన చోట తప్పినట్టే ఉండనీ.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న