సిలికాన్ ట్యూబు ఇప్పుడే విప్పకు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఎడమ పక్క టెయిల్ లైట్‌లో అంగుళం ఎత్తున నీళ్లు, పైనంతా చెమట పట్టినట్టు ఆవిరి. మీ అత్తయ్యకి చూపిస్తే "రెండు చేపపిల్లల్ని వదిలితే సరి" అంది. షెడ్డులో లైటు మొత్తం మార్చాలన్నారనీ, రేటు విని తిరిగొచ్చేశాననీ రాశావు. మంచి పని చేశావు. చెన్నైలో, అందులోనూ వేళచ్చేరిలో ఉంటూ కార్తీకంలో కారు తడవకుండా ఎలాగూ ఉండదు. ఈ పని చేతికి వస్తే ఏటా పనికొస్తుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

సందులు పూడ్చే సిలికాన్ ట్యూబు కూడా కొనేశానన్నావు. దాన్ని తీసుకెళ్లి అలమరలో పెట్టు. ఇప్పుడే దాంతో పని లేదు.

నేను ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, ఉన్న రోజుల్లో, పెట్టె తయారయ్యాక షవర్ టెస్ట్ ఉండేది. అన్ని వైపుల నుంచీ నీళ్లు కొడుతుంటే లోపల మనుషులు టార్చిలైట్లు పట్టుకుని వెతికేవాళ్లు. బొట్టు కిటికీ కింద రాలేది, దారి చూస్తే పైకప్పు అతుకు దగ్గర దొరికేది. అంత అనుభవం ఉండి కూడా నా పాత కారు దగ్గరికొచ్చేసరికి నేను ఏం చేశానో తెలుసా? టెయిల్ లైట్‌లో నీళ్లు కనపడగానే అద్దం అంచు చుట్టూ ఎక్కడా వదలకుండా సిలికాన్ పూసేశాను. మర్నాటి వానకి మళ్లీ నీళ్లు. ఇంకో పొర వేశాను. ఈసారి వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి కూడా లేక లోపలే మురిగాయి. చివరికి లైటు ఊడదీసి చూస్తే, నెల కిందట బల్బు మార్చినప్పుడు హోల్డరుని నేనే సగం తిప్పి వదిలేశాను. దాని రబ్బరు రింగు మెలిపడి ఉంది. పది రూపాయల రింగుకి రెండు ట్యూబుల సిలికాన్ తగలేశాను.

కాబట్టి ముందు దారి వెతుకు.

అసలది లీకేనా అన్నది కూడా చూసుకోవాలి. చల్లటి వాన పడ్డ రాత్రి లోపల సన్నటి మంచు పట్టి, లైట్లు వేసిన అరగంటకి పోతే అది జబ్బు కాదు. టెయిల్ లైట్‌కి ఊపిరి తీసుకోడానికి వెనక పక్క చిన్న గొట్టమో, పల్చటి పొర అంటించిన బొక్కో ఉంటుంది. గాలితో పాటు కాస్త తేమ వస్తుంది, పోతుంది. కానీ నీ ఫొటోలోలా బొట్లు కారుతూ, అడుగున నీళ్లు నిలిస్తే మాత్రం లీకే.

నీళ్లు ఎందుకు లోపలికి వెళ్తాయో చెబితే నీకు సరదాగా ఉంటుంది. బల్బు వెలిగి లోపలి గాలి వేడెక్కుతుంది. ఆ వేడి మీద నువ్వు మోకాలి లోతు నీళ్లలోకి కారు దింపుతావు. గాలి చటుక్కున చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు దొరికిన సందులోంచల్లా నీళ్లని పీల్చుకుంటుంది. అందుకే కొళాయి కింద కడిగినప్పుడు రాని లీకు, వాన రోజు ట్రాఫిక్‌లో వస్తుంది. మీ వీధిలో నీళ్లు నిలిచిన రోజున వచ్చిందన్నావు కాబట్టి నాకు కింది సగం మీదే అనుమానం.

ఇక ఊడదీయడం. ఇంజిన్ ఆపి, లైట్లు చల్లారాక మొదలుపెట్టు. బ్యాటరీ నెగెటివ్ తీసేస్తే నిశ్చింత. డిక్కీ తెరిచి పక్క ప్లాస్టిక్ మూత తీస్తే లైటుని పట్టుకున్న నట్లు కనపడతాయి. మామూలుగా 8 లేదా 10 నంబరు స్పానర్ సరిపోతుంది. కొన్ని కార్లకి డిక్కీ అంచున స్టార్ స్క్రూలు ఉంటాయి. అవి విప్పాక కూడా లైటు రాకపోతే భయపడకు. బయటి పక్కన ఒకటో రెండో పిన్నులు రబ్బరు గుంటల్లో బిగుసుకుని ఉంటాయి. తిన్నగా వెనక్కి లాగాలి. పక్కకి వంచితే పిన్ను విరుగుతుంది, ఆ తర్వాత నిజంగానే కొత్త లైటు కొనాలి. వైర్ల కనెక్టరుకి చిన్న తాళం నొక్కుడు ఉంటుంది, దాన్ని నొక్కి ఊడదీయి. వైరు పట్టుకుని లాగకు.

పనిలో పనిగా డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ కింద చెయ్యి పెట్టి చూడు. అక్కడా తడి ఉంటే లైటుకీ బాడీకీ మధ్య ఉండే స్పాంజి గ్యాస్కెట్ కూడా పోయినట్టే. అది మార్చకుండా లైటు ఒక్కటే బాగుచేస్తే డిక్కీలో తుప్పు మొదలవుతుంది.

హోల్డర్లు తిప్పి బల్బులు తీసి, నీళ్లు వంపేయి. లోపల బురద ఉంటే ఒకట్రెండు చుక్కల షాంపూ కలిపిన మంచినీళ్లు పోసి ఆడించి, మళ్లీ మంచినీళ్లతో కడుగు. లోపలి వెండి మెరుపుని గుడ్డతో తుడవకు. అది పల్చటి అల్యూమినియం పూత, గుడ్డకి ఊడి వచ్చేస్తుంది. పెట్రోలు, థిన్నరు, చివరికి శానిటైజర్ కూడా ఎర్ర అద్దానికి తగలనివ్వకు. ఆ ప్లాస్టిక్ ఎక్కువగా ఆక్రిలిక్. స్పిరిట్ తగిలితే సాలెగూడులా సన్నటి గీతలు పడతాయి.

ఇప్పుడు పరీక్ష. పంక్చర్ షాపువాడు ట్యూబుని తొట్టిలో ముంచి బుడగలు చూస్తాడు కదా, అదే. ఒక్కటి వదిలి, మిగతా హోల్డర్లు బల్బులు లేకుండా బిగించు. ఆ వదిలిన హోల్డరు బొక్కలో సన్న గొట్టం పెట్టి చుట్టూ టేపు వేయి. ఊపిరి బొక్కని టేపుతో మూయి. అతుకంతా సబ్బునురుగు రాసి, గొట్టంలోంచి నోటితో మెల్లగా ఊదు. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ మార్కర్‌తో గీత పెట్టు. కంప్రెసర్ గాలి మాత్రం వద్దు, లేని చిల్లులు అదే పెడుతుంది. హోల్డరు చుట్టూ బుడగ వస్తే నాలాంటి కేసే. రింగు తీసి జీపీ రోడ్డుకి పట్టుకెళ్లు, చూసి అదే సైజు ఇస్తారు. లైటే పగిలి ఉంటే పుదుపేటలో పాత లైట్లు దొరుకుతాయి, కానీ అక్కడే నీళ్లు పోసి చూపించమని అడిగి కొను.

అద్దానికీ వెనక డొప్పకీ మధ్య అతుకులో బుడగ లేచిందనుకో. అప్పుడు అలమరలో ట్యూబు బయటికి తీయి. దాని మీద 'న్యూట్రల్' అని ఉందో లేదో చూడు. మూత తీయగానే వెనిగర్ వాసన కొట్టే రకమైతే కిటికీకి వాడుకో, కారుకి వద్దు. ఆ పులుపు ఆవిరికి లోపలి ఇత్తడి, రాగి ముక్కలు చిలుము పట్టి పచ్చబడతాయి.

పూసే ముందు ఆరడమే పెద్ద పని. బొక్కలు కిందికి పెట్టి ఒక పూట ఎండలో ఉంచు. ఎండ లేకపోతే హెయిర్ డ్రైయర్ తక్కువ వేడి మీద, అడుగు దూరం నుంచి. ("నా డ్రైయర్ మళ్లీ కారుకేనా?" అని మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.) ఓవెన్‌లో పెట్టి అద్దం ఊడదీసే వీడియోలు చూసి మోసపోకు. చాలా టెయిల్ లైట్లలో అద్దాన్ని డొప్పకి కరిగించి అతికిస్తారు, వేడి చేస్తే విడదు, వంకర పోతుంది.

అతుకుకి రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేసి, మధ్యలో సన్నగా సిలికాన్ నొక్కి, సబ్బునీళ్లలో తడిపిన వేలితో లోపలికి అదుము. పైన చర్మం కట్టకముందే టేపు లాగేయి. తర్వాత 24 గంటలు ముట్టుకోకు. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. చెన్నై ఉక్క మనకి పనికొచ్చే పని నాకు తెలిసి ఇదొక్కటే. ఇక అద్దంలోనే వెంట్రుక పగులు ఉంటే బయటి నుంచి రెండు ట్యూబులు కలిపే రంగులేని ఎపాక్సీ సన్నగా రాయి. సూపర్ గ్లూ వద్దు, చుట్టూ తెల్లటి పొర కడుతుంది. ముక్క ఊడి బల్బు తెల్లగా కనిపిస్తుంటే మాత్రం అతుకులు ఆపి లైటు మార్చు, వెనకవాళ్లకి ఎర్రగానే కనపడాలి.

ఆ ఊపిరి బొక్క మీద టేపు తీయడం మర్చిపోకు. అడుగున డ్రిల్లుతో చిల్లు పెడితే నీళ్లు కారిపోతాయని ఎవరైనా చెబితే వినకు. వచ్చిన నీళ్లు పోవడం నిజమే, కానీ నీళ్లు నిలిచిన రోడ్డులో అదే చిల్లులోంచి మళ్లీ నీళ్లెక్కుతాయి.

బిగించేముందు బల్బు కాళ్లు చూడు. పచ్చగా ఉంటే సన్న ఎమరీ కాగితంతో గీకి, వ్యాజలిన్ చుక్క రాయి. రబ్బరుకి మాత్రం వ్యాజలిన్ వద్దు, ఉబ్బుతుంది. బ్రేకు బల్బుకి రెండు పిన్నులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. ఎక్కకపోతే సగం తిప్పి పెట్టు, బలవంతం వద్దు. అన్నీ అయ్యాక మీ ఆయన్ని బ్రేకు తొక్కమని నువ్వు వెనక నిలబడు. బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా మసగ్గా వెలిగిందంటే ఎర్త్ తుప్పు పట్టినట్టు, ఆ వైరు చివర గీకాలి.

ఒక్కటి మర్చిపోయాను. నీ కారుకి అసలు బల్బులే లేకుండా ఎల్ఈడీ సీల్డ్ లైటు ఉంటే, వారంటీ ఇంకా ఉంటే, ఇదంతా చేయకు. ముందు వారంటీలో మార్చమని అడుగు. ఊడదీశావని తెలిస్తే వాళ్లు తప్పించుకుంటారు.

ఆదివారం వాన లేకపోతే పెరంబూరు నుంచి నేనే వస్తాను. నువ్వు ఊదు, నేను బుడగలు చూస్తాను. డ్రైయర్ నేను తెస్తాను, మీ అత్తయ్యకి చెప్పకు.

మీ మావయ్య