పది అడుగుల దూరం, బెత్తెడు ఎత్తు

ప్రశ్న: మే నెలలో పిల్లలతో కోరంగి మడ అడవికి వెళ్లాం. చెక్క వంతెన కింద నీరు తీసిన బురదలో ఒక గుంట నిండా చేపపిల్లలు, పది అడుగుల అవతల ఇంకో గుంటలో ఒక్కటీ లేదు. ఎవరైనా మందు కలిపారా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మందు కలిపి ఉంటే చచ్చిన చేపలు తేలేవమ్మా. ఆ రెండు గుంటల ఎత్తు గమనించారా? రెండోది బెత్తెడు మెరకలో ఉన్నా చాలు.

కోరంగిలో రోజుకు రెండు పోట్లు (సముద్రపు నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తీయడం). పల్లపు గుంటలోకి ప్రతి పోటుకూ కొత్త నీరు, దాని వెంట కొత్త చేపపిల్లలు వస్తాయి. మెరక గుంటను అమావాస్య, పౌర్ణమి నాటి పెద్ద పోట్లే అందుకుంటాయి. పోట్లు చిన్నవయ్యే అష్టమి నాటికి అది ఒంటరి. ఎండకు నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. చిక్కిన చేపలను కొంగలు వదలవు.

అన్నిటికంటే గండం ఊపిరిది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. కుళ్లే మడ ఆకులు ఆ కాస్తా లాగేస్తాయి. రాత్రి నాచు కూడా దాన్నే వాడుకుంటుంది కనుక తెల్లవారుజామున మరీ అడుగంటుతుంది.

ఉద్యోగంలో ఉండగా ఆ వేళలో టార్చి పట్టుకుని ఇలాంటి గుంటల దగ్గర కూర్చునేవాణ్ణి. ఒకనాడు జానెడు లోతు నీటిలో వేలెడంత పండుగప్ప పిల్ల మూతి పైకెత్తి నీటి పైపొరను చప్పరిస్తోంది. సముద్రంలో పుట్టి, పెరగడానికి ఏరులోకి వచ్చిన పిల్ల అది. పక్కనే బురద మీద గెంతే చేప గట్టెక్కి కూర్చుంది. తడి చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీల్చుకోగలదు కనుక దానికి బెంగ లేదు. పండుగప్పకు ఆ వీలు లేదు. పోటు నీరు గట్టు దాటేదాకా నేను కదల్లేకపోయాను. నీరు దాటగానే అది తోక విదిల్చి వెళ్లిపోయింది. ఆ ఉదయం నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే.

ఆగస్టులో మళ్లీ వెళ్లండి. గోదావరి వరదకు ఉప్పు విరిగి, అవే గుంటల్లో ఇసుక దొందుల వంటి మంచినీటికి ఓర్చే చేపలు ఎక్కువగా కనిపిస్తాయి. వంతెన దిగకుండానే ఏ గుంటలో ఏవి ఉన్నాయో, ఆ రోజు తిథి ఏమిటో పిల్లలచేత రాయించి నాకు పంపండి.