ఎంట్రీ కాసేపు ఆగినా ఫర్వాలేదు సిస్టర్

ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) కంప్యూటర్ ఎంట్రీలతోనే సరిపోతోంది, పేషెంట్ ముఖం కూడా చూడలేకపోతున్నాను అన్నారు కదా సిస్టర్. మొదట్లో నాదీ అదే పరిస్థితి. స్పైనల్ (నడుం దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్) ఇచ్చిన ఒక పెద్దావిడ "చలేస్తోందమ్మా" అని రెండుసార్లు అన్నా స్క్రీన్ మీద నుంచి తల తిప్పలేదు. చివరికి మత్తు డాక్టరుగారే దుప్పటి కప్పారు. సిగ్గేసింది.

ఆ రోజు నుంచి, పేషెంట్ టేబుల్ ఎక్కాక మత్తు పనిచేసేదాకా నేను కీబోర్డు ముట్టను. టైములు చిన్న కాగితం మీద రాసుకుని, డ్రేపింగ్ (పేషెంట్ మీద స్టెరైల్ గుడ్డలు కప్పడం) అయ్యాక కంప్యూటర్లో ఎక్కిస్తాను. మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు), సూదుల లెక్క మాత్రం అప్పటికప్పుడే రాయాలి, దానికి వాయిదా లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టులో (ఆపరేషన్‌లో పొరపాట్లు జరక్కుండా సరిచూసుకునే జాబితా) ఉన్నవి 19 అంశాలే. వాటిలో మత్తుకు ముందు అడిగే పేరు, ఆపరేషన్, ఏ వైపు అన్నవి పేషెంట్ నోటితోనే చెప్పించండి. "మీరు లక్ష్మిగారేనా?" అంటే ఆ టెన్షన్‌లో ఎవరైనా తలూపేస్తారు. "మీ పేరేంటమ్మా?" అని అడగాలి.

పల్స్ ఆక్సిమీటర్‌కి కళ్లకన్నా చెవి ముఖ్యం. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ దాని బీప్ స్వరం కిందికి దిగుతుంది, అందుకే ఎవరు విసుక్కున్నా సౌండ్ తగ్గించనివ్వకండి.

ఇంకొకటి, ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడిగి కంప్యూటర్ ట్రాలీని పేషెంట్ వైపు తిప్పించుకోండి. గోడ వైపు ఉంటే వాళ్లకి కనిపించేది మీ వీపే.