కన్‌ఫ్యూషియస్, మోజీ, హాన్ ఫే ఎక్కడ విడిపోయారో తెలియాలంటే గొర్రె దొంగతనం కేసు చదవండి

"ప్రాచీన చైనా తత్వవేత్తలందరూ నీతిగా బతకమనే చెప్పారు కదా, మరి వాళ్ల మధ్య గొడవేంటి? చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. రెన్ అంటే కరుణ, లీ అంటే ఆచారం అని నిర్వచనాలు బట్టీ పడితే కొన్నాళ్లకే అన్నీ కలగాపులగం అవుతాయి. దానికి బదులు ఒక్క కేసు పట్టుకోండి. తండ్రి గొర్రెను దొంగిలించాడు. కొడుకు సాక్ష్యం చెప్పాలా, వద్దా?

ముందు కన్‌ఫ్యూషియస్ మాటల సంకలనం 'అనలెక్ట్స్' 13వ అధ్యాయం, 18వ ఖండిక తీయండి. మా దగ్గర ఒక నిక్కచ్చి మనిషున్నాడు, తండ్రి దొంగతనానికి తనే సాక్ష్యం చెప్పాడు అని షె ప్రాంతపు పాలకుడు గొప్పగా చెప్తాడు. కన్‌ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) ఒప్పుకోడు. మా వైపు తండ్రి కొడుకుని కాచుకుంటాడు, కొడుకు తండ్రిని కాచుకుంటాడు, నిజాయితీ అందులోనే ఉంది అంటాడు. ఇది బంధుప్రీతే కదా అని చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. తొందరపడకండి. తల్లిదండ్రుల పట్ల, అన్నల పట్ల చూపే గౌరవమే రెన్‌కు వేరు అని మొదటి అధ్యాయం 2వ ఖండికలో ఆయన శిష్యుడు యౌజీ అంటాడు. ఆ రెండూ కలిపి చదివితే కన్‌ఫ్యూషియస్ లెక్క అర్థమవుతుంది: మంచితనం ఇంట్లో మొదలై బయటికి పాకాలి.

తర్వాత కన్‌ఫ్యూషియస్ మార్గంలోనే నడిచిన మెన్షియస్ గ్రంథం, 7వ పుస్తకం మొదటి భాగం, 35వ ఖండిక. అక్కడ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. పురాణాల్లో ఆదర్శ పాలకుడైన షున్ చక్రవర్తిగా ఉండగా ఆయన తండ్రే హత్య చేస్తే? న్యాయాధికారి పట్టుకుంటాడు, షున్ అడ్డుపడకూడదు అంటాడు మెన్షియస్. మరి షున్ ఏం చేస్తాడు? రాజ్యాన్ని అరిగిపోయిన చెప్పులా వదిలేసి, తండ్రిని వీపున మోసుకుని సముద్రతీరానికి పారిపోతాడు. అధికారాన్ని వాడి తండ్రిని తప్పించడానికి వీల్లేదు. కొడుకుగా కాపాడాలంటే సింహాసనం దిగాలి. ఈ సంప్రదాయం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ఖండిక ఇదే.

మోజీ దారి వేరు. ఎవరి తండ్రిని వాళ్లు, ఎవరి రాజ్యాన్ని వాళ్లు ప్రేమించుకోవడం వల్లే యుద్ధాలూ దొంగతనాలూ అంటాడు. 'మోజీ' గ్రంథం 16వ అధ్యాయంలో ఆయన వాదన చూడండి: దూరప్రయాణం వెళ్తూ భార్యాబిడ్డల్ని ఎవరికి అప్పగిస్తావు? అందర్నీ సమంగా చూసేవాడికా, తనవాళ్లనే చూసుకునేవాడికా? దీని పర్యవసానం 'ల్యూషీ చున్‌చియు' అనే ప్రాచీన సంకలన గ్రంథంలో కనబడుతుంది. మోజీ వర్గానికి పెద్ద అయిన ఫు దున్ కొడుకు హత్య చేస్తే, నువ్వు ముసలివాడివి, నీకు ఒక్కడే కొడుకు అని చిన్ రాజ్యపు రాజు క్షమిస్తాడు. ఫు దున్ మాత్రం ఒప్పుకోడు. చంపినవాడు చావాలన్నది మా నియమం అని కొడుక్కి మరణశిక్ష వేయిస్తాడు.

హాన్ ఫే (మరణం క్రీ.పూ. 233) తన పేరిటే ఉన్న పుస్తకం 49వ అధ్యాయంలో ఇదే గొర్రె కేసు మళ్లీ తీస్తాడు. ఆయన కథనంలో సాక్ష్యం చెప్పిన కొడుకును తండ్రికి ద్రోహం చేశాడని చూ రాజ్యపు మంత్రి చంపిస్తాడు. ఆ తర్వాత నేరాల గురించి పైకి చెప్పేవాడే లేకుండా పోయాడంటాడు హాన్ ఫే. ఇక్కడ ఆయన కొడుకు నీతిని తూచడం లేదు. దేన్ని శిక్షిస్తే, దేన్ని మెచ్చుకుంటే జనం ఎటు తిరుగుతారన్నదే ఆయన ప్రశ్న.

లావోజీ ఈ కేసులోకి రాడు. కానీ ఆయన పేరిట ఉన్న 'దావో దె జింగ్' 18వ అధ్యాయంలో, కుటుంబాల్లో సామరస్యం పోయాకే పితృభక్తి అనే మాట పుడుతుందంటాడు. కన్‌ఫ్యూషియస్ పునాదికే అది ఎసరు.

హాన్ ఫేది "చట్టవాదం", లావోజీది "దావోవాదం" అని ముందే గిరులు గీసుకుని చదివితే దారి తప్పుతారు. ఆ విభజన తర్వాత హాన్ వంశకాలంలో సిమా తాన్ అనే ఆస్థాన పండితుడు చేసింది. హాన్ ఫే స్వయంగా కన్‌ఫ్యూషియస్ మార్గీయుడైన షున్‌జీ శిష్యుడు. ఆయన పుస్తకంలో 20, 21 అధ్యాయాలు లావోజీకి వ్యాఖ్యానాలు.

ఈ తగాదా పుస్తకాల్లోనే ఆగిపోలేదు. క్రీ.పూ. 66లో హాన్ వంశపు షువాన్ చక్రవర్తి శాసనం ఇచ్చాడు: తల్లిదండ్రుల్ని దాచిన పిల్లల మీద, భర్తను దాచిన భార్య మీద, తాతల్ని దాచిన మనవల మీద కేసు పెట్టకూడదు. పెద్దలు పిల్లల్ని దాచినప్పుడు మాత్రం, మరణశిక్ష పడే కేసైతే ప్రధాన న్యాయాధికారి ద్వారా చక్రవర్తికి నివేదించాలి. క్రీ.శ. 653 నాటి తాంగ్ వంశపు న్యాయస్మృతి ఈ మినహాయింపును బంధువులకు విస్తరించి, రాజద్రోహానికి మాత్రం వర్తించదని రాసింది.