పీడోఫిలియాలో ‘పీడ’ ఉందా?

సందేహం: వార్తల్లో తరచూ కనిపించే ‘పీడోఫైల్’ మన ‘పీడ’ నుంచి పుట్టిందా? తెలుగులో ఏమనాలి? ‘కీచకుడు’ అంటే సరిపోతుందా?

సమాధానం: పీడకూ దీనికీ సంబంధం లేదు. ఇది గ్రీకు మాట. ‘పైస్’ అంటే పిల్లవాడు. పీడియాట్రిక్స్‌లో ఉన్నదీ అదే. ‘ఫిలియా’ అంటే స్నేహం, ఆప్యాయత. 1896లో వియన్నా మానసిక వైద్యుడు క్రాఫ్ట్-ఎబింగ్ ‘పీడోఫిలియా ఎరోటికా’ అని రాశాడు. కామానికి సంబంధించినదని చెప్పే ఆ ‘ఎరోటికా’ను ఊరికే తగిలించలేదు. అది తీసేస్తే మిగిలేది పిల్లల మీద ప్రేమే! లోకం సరిగ్గా ఆ ‘ఎరోటికా’నే వదిలేసింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో అమెరికా పత్రికల్లో వినిపించింది ‘సెక్స్ సైకోపాత్’ (కామోన్మాది) అన్న మాట. 1947లో ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ కూడా ఆ భయాన్ని పెంచుతూ వ్యాసం రాశాడు. భయమంతా ముక్కూమొహం తెలియనివాడి గురించే. 1952లో అక్కడి మానసిక వైద్యుల సంఘం మానసిక రుగ్మతల్ని వర్గీకరించే తన పుస్తకం ‘డీఎస్‌ఎం’ మొదటి కూర్పులో పీడోఫిలియాను ‘లైంగిక వక్రతల’ కింద, స్వలింగ సంపర్కం పక్కనే చేర్చింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం ఘోరమైన తప్పు. 1970ల్లో స్త్రీవాదులు, పిల్లల వైద్యుడు హెన్రీ కెంప్ చూపును ఇంటివైపు తిప్పారు. చేసేవాడు చాలాసార్లు బంధువో, తెలిసినవాడో అని గట్టిగా చెప్పారు. ‘చైల్డ్ సెక్సువల్ అబ్యూజ్’ అప్పుడే జనంలోకి వచ్చింది. 2013 నాటి ఐదో కూర్పు, డీఎస్‌ఎం-5, పిల్లల మీద ఆకర్షణ వేరు, రుగ్మత వేరు అంది.

కాబట్టి పీడోఫిలియా డాక్టరు రాయాల్సిన మాట. పిల్లల్ని చెరిచేవాళ్లందరికీ ఆ రుగ్మత ఉండదు. నేరానికి మన 2012 పోక్సో చట్టం వాడే ‘లైంగిక దాడి’ ఉండనే ఉంది. అది రాయడానికి జంకి మన విలేకరులు ‘అఘాయిత్యం’ అంటారు. ప్రాణం తీసుకోవడాన్నీ అఘాయిత్యమే అంటాం కదా, చదివేవాడికి ఏం తెలుస్తుంది? ‘మానభంగం’ ఇంకా అన్యాయం. తిక్కన ద్రౌపది ‘గంధర్వుల్ మానముఁ బ్రాణముం గొనుట తథ్యం’ అని కీచకుడికే చెప్పింది. అక్కడ పోయే మానం కీచకుడిది! నేరం చేసినవాడిదే అవమానమని తిక్కనకు తెలుసు. మన పత్రికలు దాన్ని పసిపిల్ల నెత్తిన పెడుతున్నాయి.

ఇక ‘కీచకుడు’ అంటారా, వాడు వెంటపడింది ఎదిగిన స్త్రీని. తిట్టుగా చెల్లుతుంది గానీ పిల్లల విషయంలో నాకు రుచించదు. ‘బాలకాముకత’ అని రోగానికి పేరు పెట్టుకోవచ్చేమో. వైద్యులు ఒప్పుకుంటే నాకూ అభ్యంతరం లేదు. అంతదాకా పీడోఫిలియా అనే రాయండి, రోగానికి మాత్రమే.